తన ఇంటిని తానే ఊడ్చుకునే కణం

పిల్లలూ!

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి అనకాపల్లి నుంచి వచ్చింది. రాసినది ఆరవ తరగతి చదివే ఒక అమ్మాయి.

"మామయ్యా! మా తాతగారు ఊరికే కూర్చున్నప్పుడు ఆయన కుడిచెయ్యి వణుకుతుంది. నడిస్తే చిన్న చిన్న అడుగులు వేస్తారు. ఒకప్పుడు ముత్యాల్లా ఉండే ఆయన దస్తూరీ ఇప్పుడు చీమలబారులా అయిపోయింది. డాక్టరుగారు పార్కిన్సన్ జబ్బు అన్నారు. మెదడులో చెత్త పేరుకుంటే ఈ జబ్బు వస్తుందని మా అన్నయ్య ఎక్కడో చదివాడట. మెదడులోకి చెత్త ఎట్లా వస్తుంది? దాన్ని ఊడ్చెయ్యటానికి వీలు లేదా? ఈ జబ్బు మాకు కూడా అంటుకుంటుందా?" అని అడిగింది.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అంటుకోదు. తాతగారి చెయ్యి పట్టుకుని నడవవచ్చు, ఆయన కంచంలో ముద్ద తినవచ్చు, ఆయన పక్కలో పడుకుని కథలు చెప్పించుకోవచ్చు. ఇది గాలివల్లా నీటివల్లా వచ్చే జబ్బు కాదు. కొద్ది కుటుంబాలలో మాత్రం వంశంలో దిగివస్తుంది. ఎక్కువమంది విషయంలో అట్లా కాదు.

ఇక మొదటి రెండు ప్రశ్నలు చిన్నవి కావు. ప్రపంచంలోని పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు ఈనాడు వాటినే పట్టుకుని కూర్చున్నారు. వారు తెలుసుకున్నది మనమూ కాస్త తెలుసుకుందాం.

అనకాపల్లి పిల్లలకు బెల్లపు గానుగ సంగతి నేను చెప్పనక్కరలేదు. మిగిలిన ఊళ్ళవారి కోసం చెబుతున్నాను. చెరకు గడలను గానుగలో పెట్టి రసం పిండుతారు. ఆ రసాన్ని పెద్ద పెనంలో పోసి కాస్తారు. కాగేటప్పుడు పైకి తేలే మడ్డిని ఎప్పటికప్పుడు తీసివేస్తూ ఉంటారు. తియ్యకపోతే బెల్లం నల్లబడిపోతుంది. మరి రసం పిండగా మిగిలిన పిప్పి? దాన్ని పారెయ్యరు! ఎండలో ఆరబెట్టి, ఆ పెనం కింది పొయ్యిలోనే వేస్తారు. చెరకు మిగిల్చిన చెత్తే చెరకు రసాన్ని కాస్తుందన్నమాట.

పిప్పి ఎత్తేవాళ్ళు నాలుగు రోజులు రాకపోతే ఏమవుతుంది? గానుగ చుట్టూ పిప్పి గుట్టలు పడుతుంది. మనిషి తిరగటానికి చోటుండదు. పొయ్యిలోకి వంట చెరకు ఉండదు. చివరకు గానుగే ఆగిపోతుంది.

మన శరీరంలోని ప్రతి జీవకణమూ ఇటువంటి గానుగే.

కణం కంటికి కనిపించదు. కాని దానిలో రాత్రీ పగలూ పని జరుగుతూనే ఉంటుంది. ఆ పని చేసేవి మాంసకృత్తులు. కంది పప్పులోనూ, కోడిగుడ్డులోనూ ఉండేవి అవే. కణం వాటిని తయారుచేసుకుని, ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క విధంగా మడతపెట్టి పనిలోకి పంపుతుంది. మడత సరిగా ఉంటేనే అది పని చేస్తుంది. మీరు కాగితంతో పడవ చేస్తారు కదా? ఒక్క మడత తప్పితే అది నీళ్ళలో తేలదు. మాంసకృత్తు కూడా అంతే. మడత తప్పినది పని చెయ్యదు సరికదా, మడత తప్పిన మరి నాలుగింటితో చేరి ఉండకట్టుకుంటుంది.

కణం చేసే పనుల్లో పాతబడినవాటినీ, పాడైనవాటినీ విప్పి, మళ్ళీ వాడుకోవటం చాలా పెద్ద పని. ఎంత పెద్దదో వినండి. పెద్దవారు రోజుకు సుమారు 70 గ్రాముల మాంసకృత్తులు తింటారు. కాని వారి శరీరం రోజూ రెండు మూడు వందల గ్రాముల మాంసకృత్తులను కొత్తగా తయారుచేస్తుంది! మిగతా సరుకు ఎక్కడిది? పాతవాటిని విప్పగా వచ్చినదే. పిప్పి పొయ్యిలోకి వచ్చినట్టే.

ఈ సంగతి కనిపెట్టిన కథ చక్కగా ఉంటుంది.

బెల్జియం దేశంలో లూవెన్ అనే ఊళ్ళో క్రిస్టియాన్ ద దూవ్ అనే ఆయన ఉండేవాడు. 1949లో ఆయన ఎలుక కాలేయం నూరి అందులోని ఒక రసాయనం బలాన్ని కొలుస్తున్నాడు. అది ఉండవలసినంత బలంగా కనిపించలేదు. ఆ సీసాను మంచుపెట్టెలో దాచి, కొన్ని రోజుల తరవాత మళ్ళీ కొలిస్తే బలం ఎన్నో రెట్లు పెరిగి ఉంది! నిలవ ఉంచితే బలం పెరగటమేమిటి? ఆలోచించగా తేలినదేమిటంటే, ఆ రసాయనం మొదట చిన్న చిన్న సంచులలో మూసిపెట్టి ఉన్నది. నిలవ ఉండటంతో సంచులు పగిలి బయటికి వచ్చింది. 1955లో ద దూవ్ ఆ సంచులకు లైసోజోములు అని పేరు పెట్టాడు. దేన్నయినా జీర్ణం చేసే ఘాటు రసాలు వాటిలో ఉంటాయి. అవి విడిగా తిరిగితే కణాన్నే తినేస్తాయి. అందుకే సంచిలో కట్టిపెట్టి ఉంటాయి.

మరి చెత్త ఆ సంచిలోకి ఎట్లా చేరుతుంది? చెత్త ఉన్నచోట కణంలో ఒక పలుచని పొర పుడుతుంది. అది చెత్త చుట్టూ పెరిగి, మూతి మూసుకుని, మూటలా అవుతుంది. ఆ మూట వెళ్ళి లైసోజోముతో కలిసిపోతుంది. లోపలి ఘాటు రసాలు మూటలోని సరుకును ముక్కలు ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలను కణం మళ్ళీ వాడుకుంటుంది. దీనికి 1963లో ద దూవే ఆటోఫజీ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో "తన్ను తాను తినటం" అని అర్థం. పేరు వింటే భయం వేస్తుంది గాని, నిజానికి ఇది కణం తన ఇల్లు తాను ఊడ్చుకోవటమే.

పేరు పెట్టి పాతికేళ్ళు గడిచినా, ఈ పని ఎట్లా నడుస్తున్నదో, ఎవరు నడిపిస్తున్నారో ఎవరికీ తెలియలేదు. అది తేల్చినవాడు జపాను దేశస్థుడు యొషినొరి ఒసుమి. 1988లో, తన 43వ ఏట, టోకియో విశ్వవిద్యాలయంలో ఆయన సొంతంగా ఒక చిన్న ప్రయోగశాల ప్రారంభించాడు. అందరూ చేసే పని చెయ్యటం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. ఎవరూ పట్టించుకోని విషయం ఎన్నుకున్నాడు. రొట్టె పొంగించే ఈస్టును తీసుకున్నాడు. ఈస్టు కణంలో లైసోజోముకు బదులు ఒక పెద్ద తిత్తి ఉంటుంది. దానిలోకి పోయినది క్షణంలో జీర్ణమైపోతుంది గనక ఏం జరుగుతున్నదో చూడటానికి వీలుండదు.

ఒసుమి ఒక ఉపాయం చేశాడు. జీర్ణం చేసే రసాలు లేని ఈస్టును తెచ్చి పస్తు పెట్టాడు. తిండి లేనప్పుడు కణం తన సరుకునే విప్పి వాడుకుంటుంది కదా! అప్పుడు మూటలు తిత్తిలోకి వస్తాయి, కాని జీర్ణం కావు, తప్పక కనిపించాలి. కొద్ది గంటల్లోనే మైక్రోస్కోపులో చూస్తే తిత్తి నిండా చిన్న చిన్న గుండ్రని మూటలు గంతులు వేస్తున్నాయి! అటు తరవాత వేలాది రకాల ఈస్టును పరీక్షించి, ఈ పనిని నడిపించే 15 జన్యువులను 1993 నాటికి పట్టుకున్నాడు. ఆశ్చర్యమేమిటంటే, అటువంటి జన్యువులే మనుషులలోనూ ఉన్నాయి. 2016లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానం ఒసుమి ఒక్కడికే ఇచ్చారు.

ఇప్పుడు తాతగారి సంగతికి వద్దాం. చెత్త అన్ని కణాలలోనూ పుడుతుంది కదా, మరి మెదడుకే ఎందుకు ఇంత ముప్పు?

చర్మంలోని కణం ముసలిదైతే రాలిపోతుంది, కొత్తది పుడుతుంది. ఒక కణం రెండుగా చీలినప్పుడు దానిలోని చెత్త కూడా రెండు వాటాలు అవుతుంది. నాడీకణానికి ఆ అదృష్టం లేదు. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయి. మనం పుట్టినప్పుడు ఉన్నవే దాదాపు అన్నీ చివరిదాకా ఉండాలి. అవి చీలవు. ఎనభై ఏళ్ళపాటు ఒక్కరోజు సెలవు లేకుండా నడిచే గానుగను ఊహించుకోండి! పైగా నాడీకణానికి పొడుగాటి తోక ఉంటుంది. వెన్నులోంచి కాలిదాకా పోయే తోక ఒక మీటరు పొడుగుంటుంది. ఆ కొసన పుట్టిన చెత్తమూట అంతదూరం ప్రయాణం చేసి కణం నడుముకు చేరాలి. దారిలో ఎక్కడ ఆగినా చిక్కే.

ఇది ఊహ కాదని 2006లో జపానులో రెండు బృందాలు రుజువు చేశాయి. చుంచెలుకల నాడీకణాలలో మాత్రం ఆటోఫజీ జరగకుండా చేశారు. పిల్లలు మామూలుగానే పుట్టాయి. కొన్ని వారాలకు వాటి నడక తడబడింది. నాడీకణాలలో మాంసకృత్తుల ఉండలు కనిపించాయి. తరవాత కణాలే చచ్చిపోయాయి. వాటికి ఏ విషమూ పెట్టలేదు. ఊడ్చే పని ఆపారు, అంతే!

తాతగారి జబ్బును 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండను వైద్యుడు వర్ణించాడు. మన ఆయుర్వేదంలో దీనికి కంపవాతం అని పేరు. మెదడు అడుగున నల్లని చారలాంటి చోటు ఒకటి ఉంది. అక్కడి కణాలు డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. మన కదలికలు సాఫీగా సాగటానికి అది కావాలి. ఈ జబ్బులో ఆ కణాలు మెల్లమెల్లగా చచ్చిపోతాయి. బతికి ఉన్నవాటిలో ఆల్ఫా సిన్యూక్లీన్ అనే మాంసకృత్తు ఉండలుగా కనిపిస్తుంది. మతిమరుపు తెచ్చే ఆల్జైమర్ జబ్బులోనూ, హంటింగ్టన్ అనే మరో జబ్బులోనూ వేరే వేరే ఉండలు ఉంటాయి. ఉండలవల్ల కణం చస్తుందా, లేక కణం పాడవటంవల్ల ఉండలు కడుతున్నాయా అని శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఊడ్చే పని కుంటుపడిందన్నది మాత్రం చాలామంది ఒప్పుకునే మాట.

ఇక్కడ మన తెలుగువాడు ఒకడిని తలుచుకోవాలి. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని 1929లో కండరాలలో కనుక్కున్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకడు. ఆ ఏటీపీ తయారయే పొయ్యిలను మైటోకాండ్రియాలు అంటారు. ఒక్కొక్కప్పుడు ఒక పొయ్యి పాడై పొగలు కక్కుతుంది. అప్పుడు పార్కిన్ అనే మాంసకృత్తు వెళ్ళి దానిమీద "ఇది పారెయ్యవలసినది" అని ముద్ర వేస్తుంది. ముద్రపడ్డ పొయ్యిని మూటగట్టి లైసోజోముకు పంపుతారు. ఈ సంగతి 2008లో అమెరికాలో బయటపడింది. పార్కిన్ జన్యువు పాడయిన కుటుంబాలలో చిన్నవయసులోనే ఈ జబ్బు వస్తుంది. ముద్ర వేసేవాడు లేకపోతే చెడ్డ పొయ్యిలు ఇంట్లోనే ఉండిపోతాయి మరి!

తాతగారు ఇప్పుడు ఏ మందు వాడుతున్నారు? బహుశా లీవోడోపా అయి ఉంటుంది. మెదడులోకి వెళ్ళి అది డోపమిన్‌గా మారుతుంది. మన చేలగట్ల మీద దూలగొండి తీగ ఉంటుందే, తగిలితే ఒళ్ళంతా దురద పుట్టించేది, దాని గింజల్లో ఈ మందు ఉన్నది. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయంలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు దాన్ని వేరుచేసి చూపించారు. అప్పటికి అనకాపల్లి కూడా మద్రాసు రాజధానిలోనే ఉండేది. కాని పార్కిన్సన్ రోగికి అది పనికివస్తుందని అప్పుడు ఎవరికీ తెలియదు. 1961లో వియన్నాలో రోగులకు ఇచ్చి చూస్తే, కదలలేనివారు లేచి నడిచారు! చూశారా, ఆ గింజల్లో మందు దొరికిన తరవాత దాని ఉపయోగం తెలియటానికి 24 ఏళ్ళు పట్టింది. ఇది చదివి ఎవరూ దూలగొండి గింజలు నూరి తాతగార్లకు పెట్టకండి. ఒక గింజలో ఎంత మందు ఉంటుందో చెప్పలేం. మోతాదు మించితే ప్రమాదం.

లీవోడోపా చాలా మంచి మందు. అయితే అది లోటును పూడుస్తుందే గాని, చెత్తను ఊడవదు. కణాలు చచ్చిపోవటం ఆగదు. అందుకని శాస్త్రజ్ఞులు, "కణం చేతికి మళ్ళీ చీపురు ఇవ్వలేమా?" అని ఆలోచిస్తున్నారు.

వారికి దొరికిన మొదటి చీపుర్లలో ఒకటి సముద్రం మధ్య నుంచి వచ్చింది. పసిఫిక్ మహాసముద్రంలో రాపానూయి అనే చిన్న దీవి ఉంది. 1964లో కెనడా నుంచి కొందరు వెళ్ళి అక్కడి మట్టి తెచ్చారు. ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఒక మందును సురేంద్రనాథ్ సెహగల్ అనే భారతీయ శాస్త్రజ్ఞుడు మాంట్రియల్ నగరంలో వేరుచేశాడు. దీవి పేరున దానికి రాపమైసిన్ అని పేరు వచ్చింది. కొన్నేళ్ళకు ఆ ప్రయోగశాలను మూసేశారు. సెహగల్‌కు మనసొప్పలేదు. ఆ సూక్ష్మజీవులను ఇంటికి తీసుకుపోయి, మంచుపెట్టెలో దాచి కాపాడాడు. 1999లో అది, మూత్రపిండం మార్చినవారికి ఇచ్చే మందుగా బయటికి వచ్చింది.

ఈ రాపమైసిన్ ఏం చేస్తుంది? కణంలో ఒక మేస్త్రీ ఉంటాడు. తిండి బాగా ఉన్నంతకాలం, "కట్టండి, కట్టండి" అని తొందరపెడుతూ ఊడ్చే పని ఆపిస్తాడు. రాపమైసిన్ వాడి నోరు మూస్తుంది. వెంటనే ఊడ్చే పని మొదలవుతుంది. 2004లో కేంబ్రిడ్జిలో హంటింగ్టన్ జబ్బు ఉన్న ఈగలకూ చుంచెలుకలకూ ఈ రకపు మందులు ఇస్తే జబ్బు జోరు తగ్గింది. కాని ఒక చిక్కు ఉంది. ఈ మందు రోగాలతో పోరాడే శక్తిని కూడా తగ్గిస్తుంది. మార్చిన మూత్రపిండాన్ని శరీరం తోసివెయ్యకుండా ఉండటానికి పనికివచ్చేది ఆ గుణమే. ముసలివారికి ఏళ్ళ తరబడి అటువంటి మందు ఇస్తే ఎట్లా? అందుకే వేరే చీపుర్లు వెతుకుతున్నారు.

బెంగుళూరులో జవహర్‌లాల్ నెహ్రూ పేరున ఉన్న పరిశోధనా కేంద్రంలో రవి మంజితాయ బృందం ఈస్టు మీదే వెతికి 6-బయో అనే పదార్థాన్ని పట్టుకున్నది. పార్కిన్సన్ వంటి జబ్బు కలిగించిన చుంచెలుకలకు అది ఇస్తే, మెదడులో ఆల్ఫా సిన్యూక్లీన్ ఉండలు తగ్గాయని 2017లో ప్రకటించింది. ఇది ఇంకా మనుషుల మందు కాలేదు.

మరొకటి మీకు తెలిసినదే! దగ్గు మందులలో ఆంబ్రాక్సాల్ అనేది ఉంటుంది. అది లైసోజోములోని ఒక రసానికి బలం ఇస్తుంది. 2020లో లండనులో 17 మంది పార్కిన్సన్ రోగులకు ఇచ్చి చూశారు. మందు మెదడు దాకా చేరింది, హాని కలగలేదు. జబ్బును నిదానం చేస్తుందో లేదో తేల్చటానికి బ్రిటనులో పెద్ద పరీక్ష 2025లో ప్రారంభమయింది. ఫలితం తేలేదాకా దగ్గు మందు దగ్గుకే!

"పస్తుంటే ఈస్టు ఊడ్చుకున్నది కదా, తాతగారు కూడా ఉపవాసాలు చేస్తే సరిపోదా?" అని ఎవరికైనా తోచవచ్చు. మంచి ప్రశ్నే. చుంచెలుకలను పస్తు పెట్టి చూశారు. కాలేయంలోనూ, కండరాలలోనూ ఊడ్చే పని బాగా పెరిగింది. మెదడులో మాత్రం అంతగా కనిపించలేదు. మెదడును శరీరం ఆకలికి వదలదు. ముందు దానికి పెట్టి తరవాతే మిగిలినవాటికి పెడుతుంది. కాబట్టి తాతగారిని పస్తు పెట్టవద్దు. వేళకు భోజనం, వేళకు మందు, డాక్టరుగారు చెప్పినంత నడక, ఇవే ఆయనకు కావలసినవి.

అనకాపల్లి చెల్లాయీ! చెత్తను ఊడ్చే మందు ఈనాడు ఏ డాక్టరు దగ్గరా లేదు. కాని నీవు చెయ్యగల సాయం ఒకటి ఉన్నది. ఈ జబ్బు ఉన్నవారికి నడుస్తూ నడుస్తూ ఉంటే ఒక్కొక్కసారి పాదాలు నేలకు అతుక్కున్నట్టు అయిపోతాయి. అప్పుడు చెయ్యి పట్టి లాగకూడదు, పడిపోతారు. పక్కన నిలబడి, "ఒకటి, రెండు! ఒకటి, రెండు!" అని తాళం వేసినట్టు లెక్కపెట్టు. తాతగారి గుమ్మం దగ్గర సుద్దముక్కతో అడుగు అడుగుకూ అడ్డగీతలు గీసి, గీత దాటమను. చాలామందికి అంతటితో కాలు కదులుతుంది. చీమలబారు దస్తూరీకి గీతల కాగితం ఇచ్చి, పెద్ద పెద్ద అక్షరాలు రాయమను. మాట మెల్లగా వస్తే తొందరపెట్టక పూర్తయేదాకా విను. మందు వేళ తప్పకుండా గడియారం చూసి గుర్తు చెయ్యి. ఇవన్నీ చేసి, ఏది బాగా పనిచేసిందో నాకు రాయి.

మిగిలిన పిల్లలూ, మీ ప్రశ్నలు కూడా పంపండి. వచ్చే నెల మరికొన్నిటికి జవాబు చెబుతాను.

మీ
మామయ్య